కొండ కడుపులో మిల్లీమీటర్లు

2011లో సంక్రాంతి వెళ్లిన వారానికి కాజీపేటలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. సంచిలో మా అక్క తన కొడుక్కి పంపిన సకినాల డబ్బా, చేతిలో నా వెదురు కర్ర. కర్ర కొసకు ఇత్తడి పొన్ను ఉంటుంది. బొగ్గుబాయిలో ఇరవై ఎనిమిదేళ్లు తిరిగిన నాకు అది లేకుండా ఊరు దాటడం అలవాటు లేదు. దాంతో బాయి కప్పును తట్టి వినడమే మా పని. ఖంగుమంటే రాయి పైరాయిని పట్టుకుని ఉన్నట్టు. డొల్లగా పలికితే లోపల పొర విడిపోయినట్టు. ఆ డొల్ల మోత విన్నాక దాని కింద మనిషిని నిలబెట్టకూడదు.

ఈ పాఠం నాకు పుస్తకాల్లో దొరకలేదు. కొత్తగా దిగిన రోజుల్లో ఒక ముసలి సర్దార్ కింద పనిచేశాను. ఒక నైట్ షిఫ్టులో ఆయన దారులు కలిసే జంక్షన్ దగ్గర ఆగి, కప్పుకు ఆసరాగా నిలబెట్టిన కర్ర దిమ్మె మీద అరచెయ్యి ఆనించాడు. మాకు ఏమీ వినబడలేదు. ఆయన చేతికి మాత్రం దిమ్మె లోపల నారలు చిట్లుతున్న వణుకు తగిలింది. "తట్టాబుట్టా ఆడనే వదిలెయ్యుండ్రి, బయటికి నడువుండ్రి" అన్నాడు. పదకొండు మందిమి నడిచాం. మేం దిగువ వాలు దాటి ఎగువకు ఎక్కుతుండగా వెనక జంక్షన్ మొత్తం కూర్చుంది. ఆ గాలి దెబ్బకు మా టోపీ దీపాలు ఊగిపోయాయి. కర్ర దిమ్మె విరిగేముందు ఏడుస్తుంది, ఇనుప దిమ్మె ఏడవదు అని ఆయన తరచూ అనేవాడు. అందుకే ఇనుప దిమ్మెలు వచ్చాక కూడా మధ్యమధ్య ఒక కర్ర దిమ్మె పెట్టించేవాడు, దాని ఏడుపు వినడానికి.

మా మేనల్లుడు ఆ ఏడు విశాఖలో జియాలజిస్టుగా ఉన్నాడు. యారాడ కొండల వరసలో, షిప్‌యార్డు కాలనీ వెనక లోవ గార్డెన్స్ దగ్గర, కొండ కింద ముడిచమురు దాచే గుహలు తవ్వుతున్నారు. దేశానికి ఆపదకాలంలో అక్కరకొచ్చే నిల్వ కోసం ఇండియన్ స్ట్రాటజిక్ పెట్రోలియం రిజర్వ్స్ లిమిటెడ్ చేపట్టిన మూడు చోట్లలో ఇది ఒకటి. మిగతా రెండూ కర్ణాటకలో, మంగళూరు, పాదూరు. విశాఖలో దాచేది 13.3 లక్షల టన్నులు. ఇంజనీర్స్ ఇండియా లిమిటెడ్ పర్యవేక్షణ. ఒక్క రోజు లోపలికి రావడానికి మావాడు అనుమతి తెచ్చిపెట్టాడు.

పొద్దున్నే స్టేషన్ నుంచి ఆటోలో పోతుంటే పాత రిఫైనరీ గొట్టాలు, ఓడరేవు క్రేన్లు, గుట్టలుగా పోసిన ఇనుప ఖనిజం కనిపించాయి. ఈ ఊళ్లో భూమి కింద ఇంధనం దాచడం అప్పటికి కొత్త కాదు. అక్కడికి దగ్గర్లోనే 60 వేల టన్నుల ఎల్‌పీజీ పట్టే గుహ 2007లో పనిలోకి వచ్చింది. దాని అడుగు సముద్రమట్టానికి 196 మీటర్ల దిగువన ఉంటుంది. అంతకు పదేళ్ల ముందు, 1997 సెప్టెంబరు 14 తెల్లవారుజామున, మల్కాపురం వైపు నేల మీది ఎల్‌పీజీ ట్యాంకులు అంటుకుని అరవై మంది దాకా పోయారు. ఆ పొగ చూసిన ఊరికి, గ్యాసును కొండ కడుపులో పెట్టడం ఎందుకో వేరే చెప్పాల్సిన అవసరం లేదు.

గుహ వాకిలి దగ్గర ఒక బోర్డు. లోపలికి పోయేవాళ్లు తమ బిళ్ల దానికి తగిలించి పోవాలి, వచ్చాక తీసుకోవాలి. మా బాయి దగ్గరా ఇంతే. నా బిళ్ల తగిలించి, బూట్లు, హెల్మెట్ వేసుకుని జీపెక్కాను. ఏటవాలు సొరంగంలో జీపు దిగుతుంటే పేలుడు మందు వాసన, గాలి గొట్టాల హోరు. తలమీద కాంక్రీటు పూత. ఆ పూతలోంచి, రాతిని పట్టి ఉంచే వేలెడు లావు బోల్టుల తలలు వరసగా పొడుచుకొచ్చి ఉన్నాయి.

ఉన్నట్టుండి సొరంగం విప్పుకుంది.

నేను చూసిన బాయిల్లో కప్పు చెయ్యి ఎత్తితే అందేది, లేదా కర్ర ఎత్తితే. ఇక్కడ గుహ వెడల్పు 20 మీటర్లు. పూర్తయ్యాక ఎత్తు 30 మీటర్లు, పదంతస్తుల మేడ ఎత్తు. ముందు పైభాగం తవ్వి, తర్వాత అంతస్తుకొకటి చొప్పున కింది మెట్లు పేల్చుకుంటూ దిగుతారు. మేం దిగేసరికి సగానికి పైగా అయింది. ఫ్లడ్‌లైట్ల వెలుగులో పైకప్పు దేవాలయం గోపురం లోపలిలా ఎక్కడో ఉంది. మావాడు నా కర్ర వైపు చూశాడు.

"మామా, నీ కర్ర ఈడ అందదు."

నిజమే. అందదు గనకే మిగతా ఏర్పాట్లన్నీ. అవేమిటో ఆ రోజంతా తిరిగి తెలుసుకున్నాను.

ముందు రాయి సంగతి చెప్పాలి. మా గోదావరి లోయ బొగ్గుకప్పు పొరలు పొరలుగా ఉంటుంది, దస్తాలో కాయితాల్లాగా. అడుగు పొర పై పొరను వదిలేసి వంగుతుంది. సెంటీమీటర్ల లెక్కన దిగుతుంది, చప్పుడు చేస్తుంది. మా కప్పు మాట్లాడే కప్పు. విశాఖ కొండలది ఖోండలైట్. తూర్పు కనుమల కోదు గిరిజనుల పేరు మీద ఆ పేరు. ఎర్రటి గార్నెట్ గింజలు, నడుమ మెరిసే గ్రాఫైట్ చారలు. గట్టి రాయే, కాని పగుళ్లున్న రాయి. మూడు దిక్కుల పగుళ్లు ఒకచోట కలిస్తే కప్పులో ముక్కోణపు దిమ్మ తయారవుతుంది. ఘనమీటరు రాయి రెండున్నర టన్నులకు పైమాటే. ఆ దిమ్మ జారేముందు రెండు మూడు మిల్లీమీటర్లు కదిలితే కదిలింది, లేకపోతే అదీ లేదు. నేను మాట్లాడే కప్పు కింద బతికినవాణ్ని. మూగ కప్పు కింద నిలబడటం ఆ రోజే మొదలు.

"ప్రతి పేలుడు తర్వాత నేను రావాలె. కొత్త గోడను చూసి బొమ్మ గీయాలె" అని మావాడు తన నోట్‌బుక్ చూపించాడు. ప్రతి పగులు ఎటు వాలింది, ఎంత దూరానికి ఒకటి ఉంది, దాని ముఖం గరుకా నునుపా, లోపల మట్టి పట్టిందా, తడి ఉందా, అన్నీ అందులో ఉన్నాయి. వీటికి అంకెలు వేసి గుణిస్తే, భాగిస్తే క్యూ అనే ఒక సంఖ్య వస్తుంది. నార్వేలో బార్టన్, ఆయన సహచరులు 1974లో కట్టిన లెక్క ఇది. మూడు ప్రశ్నలకు మూడు భిన్నాలు: రాతి దిమ్మలు ఎంత పెద్దవి? ఒకదానిమీద ఒకటి ఎంత సులువుగా జారతాయి? నీటి తోపుడు, కొండ ఒత్తిడి ఎంత? మా బొగ్గుబాయిల్లో ధన్‌బాద్ శాస్త్రవేత్తలు కట్టిన లెక్క వేరు. పొర మందం, పగుళ్లు, రాతి బలం, తడికి చివికే గుణం, ఊటనీరు, ఈ ఐదింటికి మార్కులు వేసి కూడతారు. లెక్కలు వేరైనా ప్రశ్న ఒకటే, ఈ రాయి తనను తాను ఎంతసేపు మోసుకుంటుంది?

మావాడు ఒక పగులులో వేలు పెట్టి బయటికి తీశాడు. వేలికి నల్లటి జారుడు మసి అంటింది. గ్రాఫైట్, పెన్సిల్ ములుకు సరుకు. పక్క పగులులో తెల్లటి జిగట మట్టి. ఖోండలైటులోని ఫెల్డ్‌స్పార్ నీటికి నానితే ఇలా మెత్తబడుతుందట. రాయి ఎంత గట్టిదైనా, రెండు రాళ్ల నడుమ ఇలాంటి పొర ఉంటే ఆ గట్టితనం లెక్కలోకి రాదు. నా అరచేతిలో ఆ మట్టి నలిపి చూసుకున్నాను. పండుగనాడు గొబ్బెమ్మకు పెట్టే ముద్దంత మెత్తగా ఉంది.

గోడకు ఉక్కు పెట్టె ఒకటి బిగించి ఉంది. దాని వెనక రాతిలోకి లోతైన రంధ్రం వేసి, లోపల వేర్వేరు లోతుల్లో లంగర్లు సిమెంటుతో పాతారు. ఒక్కో లంగరు నుంచి ఒక్కో కడ్డీ ఈ పెట్టె దాకా వస్తుంది. ఎక్స్‌టెన్సోమీటర్ అంటారు. గోడ ముందుకొస్తే ఏ కడ్డీ ఎంత జరిగిందో ఇది చెబుతుంది. దీనిలో తెలివి ఏమిటంటే, ఎంత కదిలిందన్న దానితోపాటు ఎంత లోతు నుంచి కదులుతోందో కూడా పట్టిస్తుంది. రెండు మీటర్ల లోతు లంగరు వరకే కదిలి, అవతలివి నిలకడగా ఉంటే సడలింది పైపొరే, బోల్టులు దానికి అవతల గట్టి రాయిని పట్టుకుని ఉన్నాయి. బోల్టు కొస కంటే లోతున ఉన్న లంగరు కూడా కదిలిందా, బోల్టు తనతోపాటు తాను పట్టుకున్న రాయినీ మోసుకొస్తోందన్నమాట. అప్పుడు ఎన్ని బోల్టులున్నా ఒకటే. నా కర్ర పొన్నుకు ఇది ఎన్నటికీ తెలిసేది కాదు.

ఇవి కాక గోడల పొడుగునా, కప్పు మీదా మెరిసే చిన్న చిన్న పలకలు. దూరంనుంచి సర్వే యంత్రం వాటిని గురిపెట్టి ఎటు, ఎంత జరిగాయో చూస్తుంది. బోల్టు తలల కింద లోడ్ సెల్లులు బోల్టు మీద పడే బరువు చెబుతాయి. కాంక్రీటు పూతలో వెంట్రుకవాసి పగులు పడితే దాని రెండు అంచులూ కలిపి గీత పెట్టి, తేదీ వేస్తారు. రేపు ఆ గీత తెగితే పగులు ఇంకా బతికే ఉన్నట్టు.

గుహ ఎత్తు పెరిగేకొద్దీ కప్పు కంటే గోడలతోనే భయం. మెట్టు తవ్విన ప్రతిసారీ గోడ అంత పొడుగవుతుంది, పక్కనుంచి ఆనుకున్న రాయి పోతుంది. సైట్ ఆఫీసులో మావాడు చూపించిన గ్రాఫ్‌లో గీత మెట్లు మెట్లుగా ఎక్కింది. పేలుడు రోజున ఒక దూకు, తర్వాత నాలుగైదు రోజుల్లో అడ్డంగా పడుకోవడం. మళ్లీ పేలుడు, మళ్లీ దూకు.

"దూకుడు చూసి భయపడొద్దు మామా. దూకినంక గీత పండుకుంటదా లేదా, గది చూడాలె. పది మిల్లీమీటర్లు కదిలి ఆగిన గోడ మంచిది. మూడే కదిలి, రోజుకింత కదులుతనే ఉన్న గోడ మంచిది కాదు."

"పండుకోకపోతే?"

"కిందికి తవ్వుడు బంద్. మనుషులను తీసి, బోల్టులు వేసి, మళ్ల కొలుసుడు."

ఈ మాట విని నాకు మా సర్దార్ గుర్తొచ్చాడు. ఆయన చేతికి తగిలిన వణుకు, ఇక్కడ పడుకోని గీత, రెండూ ఒకటే సమాచారం. ఒక్కటే తేడా. సర్దార్ విన్న క్షణంలోనే మమ్మల్ని బయటికి పంపాడు. విన్నవాడూ పంపినవాడూ ఒకే మనిషి. యంత్రం చదివేవాడు ఒకడు, కాయితం చూసేవాడు ఇంకొకడు, ఆపమనే అధికారం మరొకడిది అయినప్పుడు ఆ నడుమ గంటలు పోతాయి. కప్పు ఆ గంటల కోసం ఆగదు. నేను ఇరవై ఎనిమిదేళ్ల అనుభవంతో చెబుతున్నాను, భద్రత అంతా ఆ నడుమ ఎంత తక్కువ ఉందన్న దాని మీదే ఉంటుంది.

మావాడు దీనికి తన చేతనైన పని చేశాడు. గోడ పక్కన, మనుషులు పనిచేసే చోట, గోడ ఎన్ని మిల్లీమీటర్లు కదిలిందో సున్నంతో తెలుగులో ఒకసారి, హిందీలో ఒకసారి రాసేవాడు. నిన్న 1.2, నేడు 0.3. అంతే. అక్కడ శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన ఎత్తు బుట్టలో నిలబడి ఇనప గునపంతో ఊగే రాళ్లు దులిపే పని చేస్తున్నాడు. మా భాషలో డ్రెస్సింగ్, వాళ్ల భాషలో స్కేలింగ్. కిందికి దిగాక మాటల్లో పెడితే అన్నాడు:

"పైకెక్కీముందు ఆ అంకి సూసుకుంటాన్ బాబూ. నిన్నటికన్నా తగ్గితే ధైర్నంగా ఎక్కుతాను. పెరిగితే ఈ బాబునే అడుగుతాను, ఏటి సంగతని."

పేలుడు జరిగిన ప్రతిసారీ అందరికంటే ముందు ఆ గోడ కిందికి పోయేది ఆయనే. ఆ అంకె ముందుగా తెలియాల్సిందీ ఆయనకే. ఆయన చేతిలో గునపం, నా చేతిలో కర్ర. ఒకరి వస్తువు ఒకరం తీసుకుని గోడను తట్టి చూశాం. ఖంగుమంది.

మధ్యాహ్నం గుహ కప్పుకు పైన ఉన్న నీటి సొరంగం గురించి చెప్పారు. గని మనిషికి నీళ్లు శత్రువు. పంపులు పెట్టి తోడటమే మాకు తెలుసు. ఇక్కడ నీళ్లే తాళం. గుహకు లోపల ఆ కాంక్రీటు పూత తప్ప ఇనుప తొడుగు గానీ కాంక్రీటు గోడ గానీ ఉండదు, చమురును పట్టి ఉంచేది రాయే. పగుళ్లలోంచి చమురు బయటికి పోకుండా ఉండాలంటే చుట్టూ రాతిలోని నీటి ఒత్తిడి లోపలి ఒత్తిడి కంటే ఎప్పుడూ ఎక్కువ ఉండాలి. అందుకని పైన సన్నటి సొరంగాలు తవ్వి, రంధ్రాలు వేసి, నీటిని ఎక్కించి కొండను ఎప్పుడూ నాననిస్తారు. ఎల్‌పీజీ గుహ అంత లోతున ఉండటానికీ ఇదే కారణం. పది మీటర్ల నీరు దాదాపు ఒక వాతావరణ పీడనం. గ్యాసు ద్రవంగా ఉండే ఒత్తిడిని అదిమి పెట్టాలంటే తల మీద అంత నీటి బరువు కావాలి. గోడను నిలబెట్టేవాడికేమో నీరు తగ్గితే బాగుండును, చమురు దాచేవాడికేమో నీరు తగ్గితే ప్రమాదం. ఈ రెంటి నడుమ పీజోమీటర్లు పెట్టి రోజూ నీటి ఒత్తిడి చూసుకుంటూ తవ్వడం, నా లెక్కలో, బొగ్గుబాయి నడపడం కంటే కష్టమైన పని.

2015లో ఆ గుహల్లోకి చమురు వచ్చింది. ఇక అందులోకి మనిషి దిగడు. మేం తట్టిన గోడ ఇప్పుడు చమురు కింద ఉంది. లోపలి ఊట ఎంత వస్తోంది, చుట్టుపక్కల బావుల్లో నీటిమట్టం ఎంతుంది, పైనీటి ఒత్తిడి తగ్గిందా, ఇలా బయటినుంచే దాని నాడి చూడాలి.

మళ్లీ విశాఖ వెళ్లింది 2025 ఆగస్టులో. ఈ నడుమ మనసు చెదిరే కబుర్లు చాలా విన్నాను. 2022 మార్చి 7న మా పక్క అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో కప్పు కూలి ముగ్గురు పోయారు. వాళ్లలో రక్షణ చూసే అధికారి కూడా ఉన్నారు. 2023 నవంబరులో ఉత్తరాఖండ్ సిల్క్యారా సొరంగంలో చిక్కిన 41 మంది పదిహేడు రోజులకు ప్రాణాలతో బయటపడితే టీవీ ముందు కూర్చుని ఏడ్చాను. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట వైపు ఎస్‌ఎల్‌బీసీ సొరంగంలో, వాకిలికి దాదాపు 14 కిలోమీటర్ల లోపల, నీరూ బురదా విరుచుకుపడి కప్పు కూలింది. ఎనిమిది మంది లోపల ఉండిపోయారు. సింగరేణి రెస్క్యూ జట్లు కూడా వెళ్లాయి. నెల దాటేసరికి ఇద్దరి దేహాలే దొరికాయి.

ఈసారి కిరండూల్ ప్యాసింజర్లో అరకు దాకా పోయాను. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960లలో వేసిన లైను ఇది, దీని మీద 58 సొరంగాలు. శృంగవరపుకోట దాటి బొడ్డవర నుంచి కొండ ఎక్కుతుంటే ఒకటి వెనక ఒకటి. పిల్లలు ప్రతి చీకట్లోనూ కేకలు పెడతారు. నేను మాత్రం కిటికీలోంచి రాయిని చూస్తూ కూర్చున్నాను. కొన్నిచోట్ల కాంక్రీటు తొడుగు, కొన్నిచోట్ల ఉట్టి రాయే, అరవై ఏళ్ల కింద పేల్చిన గుర్తులతో సహా.

చిమిడిపల్లి దగ్గర బండి ఎదురు గూడ్సు కోసం ఆగింది. ముసురు పడుతోంది. సొరంగం మూతి పక్కన రెయిన్‌కోటు వేసుకుని ట్రాక్‌మేన్ ఒకాయన నిలబడ్డాడు, చేతిలో ఎర్రజెండా, పచ్చజెండా. వానాకాలం కొండచరియల కాపలా. కిటికీలోంచి పలకరించాను. కొండ సంగతి ఎలా తెలుస్తుందని అడిగాను.

"ఊటనీరు సూత్తాం బాబూ. తెల్లగా వత్తే పర్నేదు. ఎర్రగా వొచ్చిందంటే నోపల మన్ను కదల్తందన్నమాట. అప్పుడు జెండా ఎత్తీడమే, టేసనుకి కబురెట్టీడమే."

ఎవర్నైనా అడగాలా అన్నాను. "ఎవుర్ని అడగాలి? జెండా నా సేతిలో ఉంది కదేటి" అన్నాడు. గూడ్సు దాటింది. ఆయన పచ్చజెండా చూపించాడు, మేం సొరంగంలోకి పోయాం.

ఈ లైనుకు రెండో దారి వేస్తున్నారు, కొత్తవలస నుంచి కొరాపుట్ దాకా. మళ్లీ సొరంగాలు తవ్వుతారు. ఆ పని చూసే ఇంజనీర్లకు ఒక పాత ఓవర్‌మేన్ విన్నపం. పరికరాలు మీకు తెలుసు, అవి పెట్టండి. కాని రోజూ వచ్చిన అంకెను ఆఫీసు గదిలోనే ఉంచకండి. పేలుడు తర్వాత మొదట లోపలికి పోయే మనిషి కంటికి ఎదురుగా, అతను చదవగల భాషలో, తెలుగో ఒడియానో హిందీనో, నిన్న ఎంత, నేడు ఎంత అని రాయించండి. ఆ అంకె పెరిగిన పూట ఎవరినీ అడక్కుండా మనుషులను బయటికి నడిపించే హక్కు ఆ షిఫ్టులో ఉన్న ఒకరికి రాతపూర్వకంగా ఇవ్వండి.